గంట లేని ట్రామ్

వ్రోత్స్వాఫ్‌లో పాత గోదాము, చివరి బల్ల.
బోగ్నా మూడేళ్లుగా ఒక్కతే చేస్తున్న ఆట;
ఇవాళ రుచికి ఇరవై నిమిషాలు.

నా ముందు కుర్రాళ్లు
వానలో ట్రామ్‌ని ఉరికించి
"బావుంది, కానీ మరీ నెమ్మది" అని లేచిపోయారు.

మనవరాలికి తోడొచ్చిన లుత్సియాన్ కూర్చున్నాడు,
కంట్రోలర్ తలకిందులుగా పట్టుకుని.
మొదటి స్టాపులోనే ఆపేశాడు.
అక్కడెవరూ ఎక్కరు, మనుషుల్ని ఇంకా గీయలేదు.
అయినా కదలడు.
ఒక్కో మీటా నొక్కి చూసి అడిగాడు:
"గంటేదమ్మా?
పరిగెత్తుకొచ్చేవాళ్లకి వినపడొద్దూ?"

బోగ్నా పెన్ను మూత తీసింది. రాయలేదు.
టైమైపోయి తెర నల్లబడింది.
బల్ల కింద ఆయన బూటు మాత్రం
లేని పెడల్‌ని
తొక్కుతూనే ఉంది.

నా వంతొచ్చింది.
నేనూ ఆపాను, మొదటి స్టాపులో.
వాన బాగా గీసింది.