గీత మీద పడ్డవి

నాలుగు పీవీసీ గొట్టాలు, నాలుగు ఎల్బోలు,
మీటరుకు మీటరు చతురం.
ఇందుకూరుపేట ప్లంబరు నూటయాభై తీసుకున్నాడు.
నాలుగో ఎల్బోకి గమ్ము చాల్లేదన్నాడు.
"ఎందుకు మేడం ఇది, మంచానికా?"
లోకాన్నంతా చూడలేం గదా,
ఇంత మేర చూడ్డానికి, అన్నాను.
వాడు రంపం బ్లేడు తుడుచుకుంటూ
నన్నొకసారి పైనించి కిందికి కొలిచాడు.

శనివారం రెండాటోల్లో పదకొండు మంది ఇంటర్ పిల్లలు.
మైపాడు రాకముందే, కాలవ వంతెన దిగి ఎడమకు.
అక్కడొక వదిలేసిన రొయ్యల గుంట.
తుప్పు పట్టిన ఏరేటరు ఒకటి,
తిరగడం మర్చిపోయి
రెక్క మీద కొంగను మోస్తోంది.
కట్ట తెగిన చోటి నుంచి
పోటుకు ఉప్పుటేరు లోపలికొస్తుంది,
పాటుకు ఏదో ఒకటి వదిలేసి వెళుతుంది.

వీపు తిప్పి విసరండి, అన్నాను.
నచ్చిన చోట వేస్తే లెక్క చెడుతుంది.
చతురం పడ్డది.
ఇలకూర మొక్కలు ముప్పై ఒకటి,
కొనలు ఎర్రబారినవి.
పీత బొరియలు పదిహేడు.
నత్తలు, లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచి, నలభై నాలుగు.
ఎవరూ నాటని మడ మొలక ఒకటి, నాలుగాకులది.
వేలు గుచ్చితే కింద నల్ల బురద,
కుళ్ళిన గుడ్డు కంపు.
ముక్కులు మూసుకోకండి,
గాలి లేనిచోట బతికేవాళ్ళ ఊపిరది.
విచ్ఛిన్నకారులు. కంటికి ఆనవు,
పేరు రాకపోతే పని రాయండి.

"గీత మీద పడ్డవి, మేడం?"
ఎడమ గీత, పై గీత మీదవైతే లెక్కలోకి.
కుడి, కింది గీతల మీదవి వదిలెయ్యాలి.
లేకపోతే ఒక ప్రాణిని రెండుసార్లు లెక్కబెడతాం.

అనుక్రమం మొదలైన తేదీ దగ్గర
'తెలియదు' అని రాయించబోయాను.
"తెలుసు మేడం," అంది కొమారి సుబ్బరత్న.
"చవితి ముందర మంగళవారం. నేను అయిదో తరగతి.
తెల్లమచ్చ వచ్చినాది.
తెల్లారేసరికి రొయ్యలన్నీ గట్టుకు ఆనుకున్నాయి.
నాయన బ్లీచింగు జల్లినాడు.
ఆ పొద్దు ఈడ ఒక్క పురుగు కూడా లేదు."
శూన్యం నుంచి మొదలవుతుందని నా పుస్తకంలో ఉంది.
ఎవరి శూన్యమో లేదు.

మెట్టుమెట్టుకీ పదిలో ఒక వంతే పైకి పోతుంది,
మిగతాది వేడై పోతుంది,
అని నేను చెప్పిన పాఠం విని
"మేతకొట్టు అప్పు అట్ట కాదు మేడం,
పైకి పోయేకొద్దీ పెరిగింది," అందొకసారి.
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.
ఇప్పుడు గుర్తొచ్చి కాసేపు
బొరియల వైపే చూస్తూ ఉండిపోయాను.

అంతలో కట్ట మీద మోపెడ్ ఆగింది.
వెనక రెండు మేత బస్తాలు, వేరేవాళ్ళ గుంటకు.
వాళ్ళ నాయన. అక్కడ రాత్రి కాపలా.
"ఏం లెక్కబెడతాండారమ్మా?"
"బతికినవి," అంది పాప.
ఆయన చెప్పులు విడిచి దిగాడు,
మడ మొలక కోసం వంగాడు,
ముట్టుకోకుండానే లేచాడు.
ఎడమ కాలు కుడి గీత మీద ఉంది.
"మేడం, గీత మీద! వదిలెయ్యాలా?"
పిల్లల నవ్వు.

చతురానికి కుడి ఏదో ఎడమ ఏదో
లెక్కబెట్టేవాళ్ళు నిలబడ్డ చోటును బట్టి ఉంటుంది.
ఈ మాట వాళ్ళకు నేనెప్పుడూ చెప్పలేదు.
సుబ్బరత్న రికార్డు బుక్కు చంకన పెట్టుకుని
బురదలో కాళ్ళు లాక్కుంటూ
చుట్టూ తిరిగి అవతలి వైపుకు పోయింది.
అక్కణ్ణించి చూసి, ఏదో రాసుకుంది.

నాలుగున్నరకు పోటు మళ్ళింది.
చతురం ఎత్తి ఉప్పుటేట్లో కడుగుతుంటే
ఆ నాలుగో ఎల్బో ఊడి
గొట్టంలోంచి గుప్పెడు బురద,
బురదలోంచి గోరంత పీత.
గీత లోపల కాదు, బయట కాదు,
మీదా కాదు,
గీతలోనే కూర్చుని ఉంది పొద్దుటి నుంచి.
రికార్డులన్నీ ఆటోలో ఎక్కేశాయి.