వెంట్రుకంత గీత

మరీన్యా గ్రాండె ఊళ్లో మాది అచ్చులు చెక్కే షెడ్డు.
ఉక్కు దిమ్మెకు కడుపు తొలిచి
కరిగిన ప్లాస్టిక్ పోస్తే ఏదొస్తుందో
అది ఇంకా లోకం చూడని వస్తువు.
దాని మొహం అందరికన్నా ముందు చూసేది మేమే.

అందుకే వచ్చినవాళ్లెవరైనా
డ్రాయింగు కన్నా ముందు కాగితాల కట్ట తీస్తారు.
పదిహేడు పేజీలు.
పేజీకో పొట్టి సంతకం, చివర నిండు సంతకం.
ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగంలో సగం
ఆ కట్టను మర్యాదగా వెనక్కి జరపడమే.
కాఫీ పెట్టి, బల్ల మీద పెన్ను లేకుండా చూసి,
"మా కంపెనీ ఎవరికీ సంతకం పెట్టదండీ" అంటాను.
కొందరు కాఫీ ముట్టకుండానే లేస్తారు.
మొన్న మార్చిలో అలా లేచినవాళ్ల ఆర్డరుతో
కొత్త మిల్లింగ్ మెషీను వాయిదాలన్నీ తీరిపోయేవి.

మా యజమాని డియొలిండా క్వారెజ్మా చెప్పే కారణం చిన్నది:
"చెప్పను అనడానికి నాకు కాగితమెందుకు?
చెప్పేదాన్నే అయితే కాగితం నన్నేం ఆపుతుంది?"
వినడానికి బాగుంటుంది.
అసలు కారణం వాళ్ల నాన్న.

ఎనభై ఆరులో ఆయన ఒక్క సంతకం పెట్టాడు,
పాలసీసా మూతకి.
ఆరు నెలలకి ఇంకెవరో అదే మూత గీసుకొచ్చారు.
వేరే దేశం, వేరే చెయ్యి, అదే మర, అవే మూడు చుట్లు.
వద్దంటే ఎందుకో చెప్పాలి.
చెబితే మొదటివాడి గుట్టు రట్టు.
చేస్తే కోర్టు.
ముసలాయన షెడ్డుకి తాళం వేయించి
జ్వరమని కబురు పెట్టించాడు, మూడు వారాలు.
చివరికి నిజంగానే జ్వరం వచ్చిందట.

ఇది నేను నమ్మేదాన్ని కాదు,
కిందటి నవంబరు దాకా.

ఒకటే మంగళవారం.
బిల్బావో నుంచి ఇచాసో,
డెన్మార్క్ నుంచి టోర్బెన్ అనే పొడుగాటాయన.
వరండాలో పక్కపక్క కుర్చీలు.
ఫైళ్లను చంటిపిల్లల్లా గుండెకానించుకుని
ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు,
ఆ తర్వాత మళ్లీ వాన గురించే.
విడివిడి గదుల్లో ఫైళ్లు విప్పారు.
చేతులు వణికేవాళ్లు బొటనవేలితో తెరిచే మాత్రల డబ్బీ.
రెండూ అచ్చు గుద్దినట్టు ఒకటే,
అచ్చు ఇంకా చెక్కకముందే.
నా చేతిలో కప్పులు గలగలలాడాయి.
డియొలిండా మొహంలో మాత్రం ఏమీ కదల్లేదు.

సాయంత్రం అడిగాను, ఎవరికి చేస్తారని.
"ముందొచ్చిన మనిషికి. ఇచాసో పదింపావుకి వచ్చింది."
"మరి ఆయనకేం చెప్పారు?"
"చేయలేనన్నాను. ఎందుకన్నాడు. అడగొద్దన్నాను."
వెళ్తూ వెళ్తూ ఆయన
వరండాలో ఖాళీ అయిన రెండో కుర్చీని
చాలాసేపు చూశాడు.
అది మేం చెప్పినట్టా, చెప్పనట్టా?
ఈ ప్రశ్న డియొలిండాని నేను అడగలేదు.

నా నోట్లో నువ్వుగింజ నానదని
మా ఆయన ఒనోఫ్రె వేళాకోళం.
ఇరవై రెండేళ్ల నువ్వులు నానుతున్నాయి ఇక్కడ,
ఆయనకి తెలీదు.

ఈ శనివారం మందుల షాపు వరసలో
నా ముందు ఒక పెద్దాయన.
వణికే చెయ్యి, బొటనవేలు, టక్కున తెరుచుకున్న మూత.
అంచున రెండు ఉక్కు దిమ్మెలు కలిసిన చోట
వెంట్రుకంత గీత.
ఆ గీత నాకు నా చేతి గీతల కన్నా బాగా తెలుసు.

"భలే ఉందే డబ్బీ" అన్నాను,
"ఎక్కడ కొన్నారు?"