ఎడమకు తిప్పితే

నూర్ బక్ష్ బండి మంచిగనే నడుస్తది
ఎడమకు తిప్పనంత సేపు.
మత్రా చేపల మార్కెటు కాడ మలుపు తీసుకుంటుంటే
హారను, లైటు, ఇంజను
మూడూ ఒక్కపాలి పోతయి.
హ్యాండిల్ సక్కగ చేస్తే మల్ల వస్తయి.
"జిన్ను పట్టింది దీనికి" అంటడు,
ఉప్పు చేతులు లుంగీకి తుడుచుకుంట.

ముప్పై ఐదేండ్ల హోండా, రెండు సిలిండర్లది.
వెనక చేపల డబ్బా.
ఐసు కరిగి కారిన నీళ్లకు
సైలెన్సరు జల్లెడయ్యింది.

వాదీ కబీర్‌ల మా షెడ్డుకు బోర్డు లేదు,
టైర్ల దుకాణం పక్క సందు అంటే చాలు.
జిన్నును నేను మీటరుతోని పడుత.

మొదలు బ్యాటరీ. పన్నెండున్నర.
రేసు ఇస్తే పద్నాలుగు దాటింది, ఛార్జింగు ఉంది.
ఫ్యూజు మాడలే. మాడదు గూడ,
ఎవడో సిగరెట్ డబ్బా రేకు చుట్టి పెట్టిండు.
తిట్టుకుంట తీసేసి కొత్తది పెట్టిన.
అదీ మాడలే.
అంటే వైర్లు ఒకదాన్నొకటి తాకుతలేవు,
యాడనో ఒకటి తెగి
తెగనట్టు పడి ఉన్నది.

ఇండికేటరు బల్బుకు రెండు వైర్లు కట్టుకున్న దీపం నాది.
ఒక కాలు చాసిస్ మీద,
ఇంకో కాలు స్విచ్చుకు పోయే ఎర్రదాంట్ల.
హ్యాండిల్ కుడికి: వెలిగింది.
నడుమకు: వెలిగింది.
ఎడమకు
...
దొరికినవ్ బిడ్డా.

మెడ కాడ వైర్ల కట్ట విప్పిన.
పైన నల్లటేపు, ఎండకు కరిగి బెల్లం పాకమైంది.
కింద ఒకడు కేబుల్ టైతోని ఉరేసిండు.
దాని కింద ఒకడు సోల్డరు పెట్టిండు, ముత్యమోలె,
సలాం అన్నా, నువ్వెవరివో గాని.
ఆకుపచ్చదానికి పసుపుది అతికిండ్రు,
పసుపుదానికి టెలిఫోను వైరు.
ఎన్ని దేశాలోళ్ల వేళ్లు పడ్డయో ఈ మెడ మీద,
ఒక్కడు గూడ రంగు పాటించలే.

అన్నిటికంటె లోపల
ఎర్ర వైరు మీద
తెల్ల నూలు దారం.

చెయ్యి ఆగింది.
వైరుకు దారం ఎవడు చుడుతడు?
చుట్టి, ఈ ముడి ఎవడేస్తడు?
చిన్న చెవి, పొట్టి తోక,
గోటితోని తోస్తే జరిగి కూసునే ముడి.
సాంచల చప్పుడుల పెరిగినోడు ఏస్తడు,
తెగిన పోగును చూడకుంటనే
రెండు వేళ్లతోని అతికేటోడు.
సిరిసిల్లల మా అమ్మ నేర్పింది నాకు
కండెలు చుట్టుకుంట,
పని మీదికెల్లి తల ఎత్తకుంట.

పదకొండేండ్ల కింద.
వీజా మీద ఎలక్ట్రీషియన్ అని రాసి ఉన్నందుకు
ఎలక్ట్రీషియన్ని అయిన మొదటి వారం.
ఫోర్‌మన్ చాకో వెనకకెల్లి అరుస్తుంటే
సోల్డరు పట్టరాక
రాగిని పోగు అనుకున్న.
మెలేసి, దారం చుట్టి, ముడేసి
బండిని తోలిచ్చిన.

నూలు ఇంక గట్టిగనే ఉంది.
దాని లోపల రాగి
మైలుతుత్తం లెక్క పచ్చగ పొడైంది.
రెండే పోగులు మిగిలినయి,
ఎడమకు తిప్పితే అవ్వి గూడ విడిపోతున్నయి.
నూలుకు ఊగుడు అలవాటు.
రాగికి కాదు.

రెండంగుళాలు కోసి పడేసిన.
కొత్త ఎర్రది, ఎర్రదానికి ఎర్రదే.
గరుకు కాగితంతోని మెరిసేదాక రుద్ది
సోల్డరు పారిచ్చి, తొడుగేసి
లైటరు మంట చూపిచ్చిన.
మెడ తిరిగేటంత వైరు వదులుగ ఇడిసిన.

"ఎవని పని ఇది?" అన్నడు నూర్ బక్ష్,
దారం ముక్కను పట్టుకొని.
"ఎవడో కొత్తోడు" అన్న.
"ఎంత?"
"వద్దు."
గప్పుడు అనుమానమొచ్చింది ఆయనకు.
పైసలు తీసుకోని పని నిలుస్తదా అని
హ్యాండిల్ ఎడమకు తిప్పి చూసుకున్నడు,
ఏడుసార్లు, నేను లెక్కబెట్టిన.
ఆఖరుకు డబ్బా తెరిచి
వంజరం తలకాయ ఒకటి పేపర్ల చుట్టి
నా పానాల మీద పెట్టి పోయిండు.
సందు చివర ఎవ్వరు లేకున్నా
హారను కొట్టిండు.

రాత్రి గదిల, పులుసు మరుగుతుంటే
జేబుల దారం తీసి
ముడి విప్పుదామని చూసిన.
గోరు దిగలే.