చెయ్యి దిగేదాకా

కొర్లగుంటలో, ఇడ్లీ అంగడి మిద్దె మీద
మా మిక్సింగు రూము.
కిటికీ తెరిస్తే సాంబారు వాసన, మూస్తే సిస్టం వేడి.
గంగజాతర వీడియో శుక్రవారానికి ఇవ్వాల.

రెడ్డెమ్మ మెట్లెక్కి వచ్చింది, చెప్పులు కిందే విడిచి.
"మా నాయన దాంట్లో ఉండాడంట కదన్నా."

ఉండాడు.
మాతంగి వేషం సందు తిరిగే చోట
పలక కొడతా చెంగల్రాయుడు.
మూడు సెకన్లు.
జాతరైన పదోనాడు పోయినాడు.
ఇంగో బొమ్మ లేదంట, రేషన్ కార్డులో తప్ప.

"రవంత నిదానంగా పోనీ అన్నా."
మళ్లీ తనే,
"దెబ్బ మాత్రం జరగనీబాక. అది ఆయనదే."

వేగం సగం చేసినా. మూడు ఆరైంది.
ఆ ముక్క ఒళ్లు విరుచుకోంగానే
వెనకవన్నీ బస్సులో జనం మాదిరి
సర్దుకుంటా కుడిపక్కకి జరిగినాయి.
సున్నపుకుండలాయన తాళం తప్పి అడుగేస్తా ఉండాడు.
పొద్దుగూకే గుంపు మొహాల మీద
తెల్లారుజాము మోత పడింది.
వెనక్కి తెచ్చేసినా.

జరగకుండా చేసే దారీ ఉండాది.
గడి అంతే ఉంటాది, మూడే,
దాంట్లో సగం పనే పడతాది.
చేసి చూపించినా.
పుల్ల పట్టిన చెయ్యి లేచింది,
లేస్తానే ఉండాది,
మోచేతి కాడ చెమటబొట్టు కూడా కనపడింది,
అంతే, తర్వాతి ముక్క.
దెబ్బ వినపడింది.
చెయ్యి దిగలా.

రెడ్డెమ్మ ఏమీ అనలా.
కింద ఎవరో పార్సిల్ కోసం అరస్తా ఉండారు.

ముందు ముక్కలో దాతగారు.
ఫ్లెక్సీ పక్కన దండ వేయించుకుంటా
తొమ్మిది సెకన్లు.
వీడియో డబ్బులు ఆయనవే.
తొమ్మిదిని ఆరు చేసినా.
దండ టక్కున పడింది,
చేతులు తగిలీ తగలకముందే నమస్కారం అయిపోయింది,
మీసం ఒకసారి చేపపిల్ల మాదిరి ఎగిరింది.
మిగిలిన మూడూ ఆ చెయ్యికి ఇచ్చినా.

ఇప్పుడు దిగింది.
ఆరో సెకను అంచున, తోలు మీద,
దెబ్బ పడే చోటే.
కింది గీతలో మోతంతా ఎక్కడిదక్కడే,
గోడకి దిగ్గొట్టిన మేకుల మాదిరి.

నాలుగుసార్లు చూసింది.
ఐదోసారి తెర చూడలా.
కళ్లు మూసుకుని బల్ల మీద వేళ్లతో కొట్టింది.
"ఈడ ఎడమచెయ్యి," అనింది, నాకు కాదు.

శుక్రవారం దాతగారొచ్చి కూర్చున్నాడు.
తనని తాను చూసుకుని మీసం సర్దుకున్నాడు.
"ఏమప్పా, నేనింత చురుగ్గా ఉంటానా?"
"ఉంటారు సార్," అన్నా.