నూట ఎనభై కాడ

మడికొండ పైపుల కంపెనీ, వెనక గది.
ఓవెన్‌ల నూట ఎనభై. కిటికీ అవతల నలభై ఐదు.
రెంటి నడుమ నేను,
తడి తువ్వాల మెడకేసుకొని.

పది నిమిషాలకొక బిళ్ళ పట్కారుతోని బయటికి తీస్త,
అట్ట మీద వరుసగ అంటిస్త:
పాలు, మీగడ, చిటికెడు పసుపు పడ్డ మీగడ,
చాయ్, బెల్లం, చింతపండు.
దాని తర్వాత రంగుకు పేరు పెట్టలే.
అది వచ్చేటాల్లకు ముక్కుపుటాలు మండుతయి,
గాజు గొట్టంల వేలాడే ఎర్ర కాయితం నీలమైతది.

ఏ ఉప్పూ కలపని బిళ్ళ
నేను సద్ది డబ్బా మూత తీసేలోపే చింతపండు.

ఇది కూరల ఉప్పు గాదు.
వేళ్ళ నడుమ సబ్బు పొడి లెక్క జారుతది.
జింకుది ఒక్కటే వేస్తే
బియ్యప్పిండి లెక్క తెల్లగ, మస్తు ధీమాగ ఉండి ఉండి
ఒక్కసారే బొగ్గయితది. ముందుగాల ఒక్క మాట చెప్పదు.
కాల్షియందైతే మొదటి నుంచే పసుపుబారుకుంట,
గునుసుకుంట, చానసేపు నిలబడతది.
రెండూ కలిపితే
జింకు మింగిన విషాన్ని కాల్షియం దించుకుంటది,
జింకు మళ్ళ పనికొస్తది.
ఎంతకెంత? గ్రాముల లెక్క. అదే నా నౌకరి.
మా అత్త అడిగితే ఉప్పు జోకుతున్న అని చెప్త.

మొన్న శనివారం ఓదెలు మామ వచ్చిండు,
పీఎఫ్ కాయితాల మీద సంతకానికి.
పదమూడేండ్లు మిక్సర్ కాడ సంచులు విప్పి పోసినోడు.
సీసం ఉప్పు సంచులు. అప్పుడు అదే ఉండె.
మాస్కు లేదు, రుమాలు ఉండె.
పొద్దుగూకినంక ఇంటికి పోతుంటే
పిండిగిర్నీల నుంచి వస్తున్నవా అని అడిగేటోళ్ళట.

అట్ట చూపించిన.
వంగి చూసిండు. బెల్లం కాడ ఆగిండు.
"ఎన్ని నిమిషాలకు?"
"యాభై."
"మా సీసమైతే యాభైకి ఇంకా పాలే, బిడ్డా."
గర్వంగనే అన్నడు. అబద్ధం గూడ గాదు,
పాత రిజిస్టర్ల నేనే చూసిన.
ఆయన పోసిన పైపులు హసన్‌పర్తి చెలకలల్ల
ఇయ్యాల్టికీ పగల్లేదు.

పెన్ను ఇచ్చిన.
కుడి మణికట్టు లేవలే.
ఎడమ చేతితోని దాన్ని ఎత్తి
కాయితం మీద పెట్టుకున్నడు,
సంచి ఎత్తినట్టు.

ఓవెన్ గంట కొట్టింది.
నిమిషం లేటయితే లెక్క తప్పుతది.
బిళ్ళ తీసిన.
మీగడ.
టైం రాసుకున్న.