ఎర్తు

షువైఖ్‌లో నవంబరు మొదటి వారం.
ఎడారి గుడారాల కాలం వచ్చేసింది.
గ్యారేజీ ముందు ప్రాడోలూ పేట్రోలూ
త్రీఫేజు కరెంటు కోసం కాచుకున్న రైతుల్లా బారులో.

బూ మిషాల్ తెల్ల ప్రాడోకు
వెనక కొక్కెం ఉంది, ఇనుప గుండు ఉంది,
కరెంటు లేదు.
"రేప్పొద్దున సాల్మీ పోవాల, కారవాన్ కట్టుకొని."
కంపెనీ వైరింగంటే నూటెనభై దినార్లు,
ఇరానీ కొట్లో డబ్బా పద్దెనిమిది.
డబ్బాలో కాగితం ఏ భాషదో తెలీదు.
రంగుల భాష మాత్రం వచ్చు:
పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి,
గోధుమది రాత్రి దీపాలకు,
తెలుపు ఎర్తుకు.

వెనక లైటు విప్పి ఓబులేసుకు చూపించినా.
పుల్లంపేటలో బోరు మోటార్లు చుట్టినోడు,
వచ్చి ఎనిమిది నెలలు.
"ఈ సన్న తీగల మీద ఇంకో బండి బరువు ఏయగూడదురా.
వీటి నుంచి కబురు మాత్రమే తీసుకో.
కూడు బ్యాటరీ నుంచి, వేరే తీగలో,
మధ్యన ఫ్యూజు."
కబురు ఒక తావున, కూడు ఇంకో తావున.
"మన మాదిరే గదన్నా" అని నవ్వినాడు.
నేను నవ్వలేదు.
కార్పెట్టు కింద తీగ తోస్తా ఉన్నా.

మగ్రిబ్ వేళకు కారవాన్ తగిలించినాం.
నేను స్టీరింగు దగ్గర, వాడు వెనక.
"షిమాల్!"
"వెలిగె."
"యెమీన్!"
"వెలిగె."
"లైట్లేసి బ్రేకు తొక్కుతాండా, సూడు!"
పలకడు.
"ఏందిరా?"
"అన్నా, అన్నీ కలిసి మిణుకుమిణుకుమంటాండాయి,
పెండ్లి పందిట్లో సీరియల్ సెట్టు మాదిరి."

ఫ్యూజు మార్చినా.
ఇరానీ వాణ్ణి తిట్టినా, వాడి డబ్బాను తిట్టినా,
రెండో డబ్బా తెప్పించినా.
టెస్టు లాంపు సూదితో ప్రతి తీగనూ పొడిచినా.
బూ మిషాల్ కరక్ చాయ్ తెప్పించి
గడియారం నాకు కనబడేటట్టు పట్టుకొని తాగినాడు.

బండి కింద పడుకున్న ఓబులేసు అడిగినాడు:
"ఎర్తు యాడ బిగించినావన్నా?"
"ఛాసిస్‌కు."
"ఛాసిస్‌కా, పెయింటుకా?"

పద్నాలుగేండ్ల చేయి నాది.
రంగు మీద బోల్టు బిగించింది.
చుట్టూ కనుచూపు మేర మన్నే,
గాలి లేస్తే పండ్ల సందున కూడా మన్నే,
నా తెల్ల తీగకే భూమి అందలేదు.
నల్ల పూత కింద, గోరు మందం దూరాన
ఆగిపోయింది.

గరుకు కాగితంతో గీకినాడు,
ఇనుము తెల్లగా పలికేదాకా.
పండ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూసినాడు.
ఈసారి ఎడమ అంటే ఎడమే.
బ్రేకు తొక్కితే
కారవాన్ వీపంతా ఎర్రగా నిండింది.

బూ మిషాల్ నాకు లెక్క ఇచ్చి
ఓబులేసు చేతిలో వేరేగా ఐదు దినార్లు పెట్టి
"ముహందిస్" అన్నాడు.
ఆ మాట నన్నెవరూ అనలేదు, ఇన్నేండ్లలో.
పానాలు తుడిచి పెట్టెలో సర్దుకున్నా.
తుడిచినవే మళ్ళా తుడిచినా.

నీలం తీగ ఒకటి మిగిలింది.
ట్రయిలరుకు బ్రేకులుంటే దానికి.
ఈ కారవాన్‌కు లేవు.
"కోసేద్దామా?" అన్నాడు.
"ఉండనీ. ఇంకోటి కొంటాడేమో."
కొనకు టేపు చుట్టి బంపరు లోపల కట్టినాం.

బండి కదిలింది.
ఈ దీపాలు నడిపేవాడికి కనబడవు.
ఎనకాల ఏ లారీలోనో వచ్చే
పేరు తెలీని మనిషికి ఇవి.
పొద్దంతా వాడి కోసమే పని చేసినామన్నమాట,
వాడు మాకు పైసా ఇవ్వడు,
ఇవ్వాలని వాడికి తెలీదు కూడా.

నాలుగో రింగు మలుపు దగ్గర
ఎడమ దీపం పడింది.
గుడ్డతో చేతులు తుడుచుకుంటా ఓబులేసు లెక్కపెడతాండాడు:
ఒకటి... రెండు... మూడు...
"మామూలుగానే కొట్టుకుంటాందన్నా."