కందీలు దిగిన మర్నాడు

మా అత్త లూదియమ్మ లెక్క వేరే.
పత్తి ఏరుడు మొదలైందంటే ఆమెకు పండుగ మొదలైనట్టే,
వారం కూలిలకెల్లి ఒక పది నోటు
బియ్యం డబ్బా అడుగున దాక్కునేది.
పాస్టరయ్యది నవంబర్ ఆఖరి ఆదివారం.
మా ఆయనది గని లెక్క:
సెలవు చీటీ పెట్టిన రోజు మొదలు,
అది తిరిగొచ్చిన రోజు ఖతం.
కెజియా అయితే నిరుడు పండుగ తెల్లారే అడిగింది
మళ్లెప్పుడని.

నాది ఎవ్వలకూ చెప్పని లెక్క.
గోడవతల కుందాతాయి
దివాలీ ఆకాశకందీలు దించిన మర్నాడు.

రంగు కాగితం చినిగి, పటాకుల పొగ పట్టి,
లోపలి వెదురు బొక్కలు మాత్రం గట్టిగ.
"ఘే, తుఝ్యా నాతాళాలా" అని
గోడ మీంచి అందించేది,
తీసుకో, నీ పండుగకని.
ఇరవై రెండేండ్లు.
ఆరు మూలల దాన్ని విప్పి
ఐదు మూలలు చేసుకునేది నేను.
మిగిలిన పుల్లతోని కెజియాకు ఒక ఏడు గాలిపటం,
ఒక ఏడు దెబ్బలు.

బల్లార్షాల వెదురుకేం కరువు?
లారీలకు లారీలు మిల్లు గేట్లకు పోతయి,
కాగితమై బయటికొస్తయి,
ఆ ఉడుకు వాసన మా దుప్పట్లల్ల పంటది.
అయినా చుక్క కట్టాల్నంటే
నాకు ఆ పాత బొక్కలే కావాలె.

నిజం చెప్పాల్నంటే
మొదలు వచ్చేది సంబురం కాదు, భయం.
చిట్టీ ఈసారి ఎవలు ఎత్తుకుంటరో,
ఆడబిడ్డ మంచిర్యాల బండి దిగితే ఎందరితోని దిగుతదో,
తెల్లచీర మీద పసుపు మరక పోతదో పోదో,
క్యారలోళ్లు రాత్రి పన్నెండుకొస్తే
ఇరవై మందికి పాలెక్కడివో.
ఆ భయం కింద ఎక్కడ్నో,
బొగ్గుకుప్ప అడుగున దానంతటదే రాజుకునే నిప్పు లెక్క,
సంబురం.
కండ్లకు కనపడది.
చెయ్యి పెడితే ఎరుక.

ఈ ఏడు దివాలీకి
కుందాతాయి వాకిట్ల కొక్కెం ఖాళీ.
ఆషాఢంల ఆమె పెనిమిటి పోయిండు,
మిల్లుల ముప్పై ఏండ్లు
వెదురు కోసే మిషిను మీద నిలబడ్డ మనిషి.
ఏడాది దాక పండుగ చెయ్యద్దట.
కందీలు ఎక్కలే.
ఎక్కనిది ఎట్ల దిగుతది?

ఎప్పుడు మొదలుపెట్టాల్నో నాకు తెలువలే.
నవంబర్ పోయింది, పాస్టరయ్య ఆదివారం పోయింది,
లైను మొత్తం మిద్దెల మీద
ప్లాస్టిక్ చుక్కలు మినుకు మినుకుమంటున్నయి.
"కొందామే అమ్మా, నూట ఎనభయే" అంటది కెజియా.
రేపు, అంట.
పిండి పట్టియ్యలే. సున్నం నానెయ్యలే.
నా పండుగను నేనే
పొరుగోళ్ల సామానోలె చేతుల పట్టుకుని
ఎక్కడ పెట్టాల్నో తెల్వక నిలబడ్డ.

డిసంబర్ పది దాటినంక ఒకనాడు
పొద్దుగూకంగ, గోడ మీంచి చెయ్యి.
వెదురు పుల్లలు. కొత్తవి.
ఇంకా పచ్చి వాసన,
ఎవలతోని చీల్పించిందో, అంచులు గీరి నున్నగ చేసి,
నూలుదారంతోని కట్ట కట్టి.
లెక్కవెట్టిన.
ఐదు.

"మా ఇంట్ల వెలిగించద్దు గని,
నీ చుక్క జర ఇటు దిక్కు కట్టు" అన్నది ఆమె భాషల.
"వంటింటి కిటికీల పడాలె."

మా ఆయన గని నుంచి వచ్చేసరికి
నేను స్టూలు మీదున్న,
నోట్లె దారం.
సెలవు దొరకలేదన్నడు
మాస్కు తియ్యకుంటనే.
సరే గని, అన్న,
ఆ వైరు పట్టుకో,
ఇటు కాదు,
అటు.